గ్యాస్ మాత్రకూ నెలసరికీ ఏమిటి సంబంధం? – మీ ఉత్తరాలు, డాక్టరమ్మ జవాబులు

ఈసారి మూడు ఉత్తరాలకు ఒకేచోట జవాబు రాస్తున్నాను. తెనాలి అమ్మాయి, పిడుగురాళ్ళ బాలింత, ఒంగోలు నుంచి ఒక భర్త రాసిన ఉత్తరాలు ఇవి. మూడింటి వెనకా ఉన్నది ఒకటే హార్మోను, తల్లికి పాలు ఊరించే ప్రొలాక్టిన్. గుంటూరు కొత్తపేటలో 26 ఏళ్ళుగా ఆడవాళ్ళ జబ్బులు చూస్తున్నాను. ఈ హార్మోను పరీక్ష రిపోర్టు చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళతో వచ్చినంతమంది మరే రక్తపరీక్షతోనూ నా దగ్గరికి రాలేదు. అందుకే కాస్త విడమరిచి రాస్తాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 28 ఏళ్ళు. పెళ్ళై నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. ఏడాది నుంచి డేట్ సరిగా రావడం లేదు. ఒకసారి 50 రోజులకి, ఒకసారి 70 రోజులకి వస్తోంది. మూడు నెలల కిందట స్నానం చేస్తుంటే చనుమొన నుంచి తెల్లటి చుక్క వచ్చింది. అప్పటి నుంచి రోజూ నొక్కి చూసుకుంటున్నాను, వస్తూనే ఉంది. ప్రొలాక్టిన్ 74 ఉందని రిపోర్టు ఇచ్చారు. నార్మల్ 25 లోపు అని దాని మీదే రాసి ఉంది. థైరాయిడ్ నార్మల్. ఫోన్లో వెతికితే మెదడులో గడ్డ అని వస్తోంది. తలకి ఎంఆర్ఐ తీయించమన్నారు. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మా ఆయనకి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గ్యాస్ ట్రబుల్‌కి రోజూ పరగడుపున వేసుకునే క్యాప్సూల్ తప్ప నేను వేరే మందులేమీ వాడను. నాకు పిల్లలు పుడతారా? – ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ఆ క్యాప్సూల్ సంగతి మీరు చివర్లో, అది లెక్కలోకి రాదన్నట్టు రాశారు. నేను మాత్రం మీ ఉత్తరాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టి చదివాను. రేపు పొద్దున అది వేసుకునే ముందు స్ట్రిప్పును వెనక్కి తిప్పి చూడండి. పాంటోప్రజోల్ అనో రాబిప్రజోల్ అనో ఒక పేరు ఉంటుంది. అది కడుపులో యాసిడ్ తగ్గించే మందు, దాని మీద నాకు అనుమానం లేదు. దాని కింద డోంపెరిడోన్ అనో లెవోసల్పిరైడ్ అనో రెండో పేరు కూడా ఉందేమో చూడండి. మందు పేరు చివర డి అనో డీఎస్ఆర్ అనో ఎల్ అనో తోక తగిలించి ఉంటే చాలాసార్లు ఆ రెండో మందు ఉన్నట్టే. ఉంటే మీ 74కి కారణం మీ వంటింటి అలమరాలోనే ఉండే అవకాశం గట్టిగా ఉంది.

ఎందుకో చెప్తాను. మెదడు అడుగున, ముక్కు వెనకాల, ఎముకలో ఒక చిన్న గుంట ఉంటుంది. అందులో బఠాణీ గింజంత గ్రంథి, బరువు అర గ్రాము చుట్టుపక్కల. డాక్టర్లు పిట్యూటరీ అంటారు, మన బడి పుస్తకాల్లో పీయూష గ్రంథి. పీయూషమంటే అమృతమనే అందరికీ తెలుసు. కానీ ఈనిన ఆవు ఇచ్చే తొలిపాలకు, అంటే మన జున్నుపాలకు కూడా సంస్కృతంలో అదే పేరు. పాల హార్మోను పుట్టే చోటికి ఇంతకన్నా తగిన పేరు దొరకదనిపిస్తుంది నాకు.

ఈ గ్రంథికి పైన హైపోథలామస్ అనే భాగం ఉంది. అది గంటకో గంటన్నరకో ఒకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును కొద్దికొద్దిగా వదులుతుంది. మన సాగర్ కాలువలకు వారబందీ పెట్టి నీళ్ళు వదులుతారు చూడండి, అలా విడతలు విడతలుగా. ఈ హార్మోను నిర్మాణాన్ని 1971లో తేల్చారు. షాలీ, గిల్లెమిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు ఇలాంటి మెదడు హార్మోన్ల మీద చేసిన పనికి 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. విడత అందినప్పుడల్లా పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో అండం ఉండే నీటి సంచిని పెంచుతుంది. అదే మీ స్కానింగ్ రిపోర్టుల్లో ఫాలికిల్ అని రాసేది. అది రెండు సెంటీమీటర్ల దాకా పెరిగాక ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఉప్పెనలా లేస్తుంది. అలా లేచిన 36 గంటలకు కాస్త అటూ ఇటూగా అండం బయటికొస్తుంది. గర్భం నిలవకపోతే ఇంకో రెండు వారాలకు నెలసరి.

ప్రొలాక్టిన్ పెరిగితే పైనుంచి వచ్చే ఆ విడతలే తగ్గిపోతాయి. ఫాలికిల్ సగంలో ఆగిపోతుంది, ఎల్‌హెచ్ ఉప్పెన రాదు, అండం విడుదల కాదు. మీకు 50 రోజులకీ 70 రోజులకీ డేట్ వస్తున్నది అందుకే. గర్భసంచిలో లోపం వల్ల కాదు.

ఇక గ్యాస్ మాత్ర దగ్గరికి వద్దాం. పిట్యూటరీ హార్మోన్లలో చాలావాటికి పైనుంచి 'వదులు' అనే ఆజ్ఞ రావాలి. ప్రొలాక్టిన్ సంగతి తిరగబడి ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఊరుతూనే ఉంటుంది, డోపమిన్ అనే రసాయనం ఎప్పుడూ బ్రేకు మీద కాలు పెట్టి ఆపుతూ ఉంటుంది. డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్ కడుపును త్వరగా కదిలించే మందులు. ఇవి పనిచేసేది డోపమిన్‌ను అడ్డుకునే. కడుపులో అడ్డుకున్నట్టే పిట్యూటరీలోనూ అడ్డుకుంటాయి, బ్రేకు వదులవుతుంది. పాలు చాలని బాలింతలకు కొందరు డాక్టర్లు డోంపెరిడోన్ రాసేది ఈ గుణాన్ని చూసే. దాన్ని పెళ్ళైన కొత్త కోడలు కడుపుబ్బరానికని ఏడాదిపాటు మింగితే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇది నేను చదివి చెప్తున్న సంగతి మాత్రమే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. నా ప్రాక్టీసు తొలిరోజుల్లో సత్తెనపల్లి వైపు నుంచి 22 ఏళ్ళ అమ్మాయి వచ్చింది. ప్రొలాక్టిన్ 90 దాటింది. చూడగానే తలకి స్కానింగ్ రాసేశాను. వాళ్ళ నాన్న మిర్చి అమ్మిన డబ్బు తెచ్చి తీయించాడు. పిట్యూటరీలో 3 మిల్లీమీటర్ల మచ్చ ఉందని రిపోర్టు వచ్చింది. అంతే, ఇంట్లో అందరూ ఆ మచ్చ గురించే. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఏడు నెలల తర్వాత ఒకరోజు ఆ అమ్మాయి నా బల్ల మీద సంచి బోర్లించి రిపోర్టు కాగితం వెతుకుతుంటే, కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్పు ముక్క ఒకటి జారి పడింది. నాలుగు క్యాప్సూళ్ళు. షాపువాడు కత్తిరించిన చోట మందు పేరు పోయింది, 'రిడోన్ 30 ఎంజి' అన్నంతవరకే మిగిలింది. "ఇదేంటమ్మా?" అన్నాను. "గ్యాస్ మాత్రే మేడం. కాలేజీ రోజుల నుంచీ వేసుకుంటున్నా" అంది. ఆపించి, పది రోజులాగి మళ్ళీ పరీక్ష చేయిస్తే 14 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి స్కానింగ్ తీసినా నూటికి పదిమంది దాకా అలాంటి చిన్న మచ్చలు కనబడతాయి. ఆ మచ్చ అక్కడ ఎప్పటి నుంచో ఊరికే ఉంది. మొదటి రోజే నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు, ఆ తప్పు నాది. ఆనాటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఇంట్లో ఉన్న మాత్రలన్నీ కవర్లో వేసుకుని రావాల్సిందే.

మీరు చేయాల్సింది ఇది. మొట్టమొదట ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. డేట్ ఆలస్యమైన పెళ్ళైన అమ్మాయికి ఏ పరీక్షకైనా ముందు అది. గర్భంలోనూ ప్రొలాక్టిన్ పెరుగుతుంది, నెలలు నిండేసరికి 200 దాకా పోతుంది. తర్వాత మీ డాక్టర్‌తో చెప్పి ఆ రెండో మందు లేని క్యాప్సూల్‌కి మారండి. కనీసం మూడు రోజులు, నా సలహా అయితే పది రోజులు ఆగి ప్రొలాక్టిన్ మళ్ళీ చేయించండి. నిద్ర లేచిన వెంటనే రక్తం ఇవ్వకండి, నిద్రలో ఈ హార్మోను సహజంగానే ఎక్కువ. లేచి రెండు గంటలయ్యాక వెళ్ళండి. బస్సు దిగి పరుగున వెళ్ళి సూది పొడిపించుకోకుండా ల్యాబ్‌లో ఓ అరగంట నెమ్మదిగా కూర్చోండి. భయానికి, నొప్పికి కూడా ఇది పెరుగుతుంది.

ఇంకొకటి. రోజూ రొమ్ము నొక్కి చూసుకోవడం ఈరోజే మానేయండి. బిడ్డ చప్పరించినప్పుడు మెదడుకు వెళ్ళే కబురే మీరు నొక్కినప్పుడూ వెళ్తుంది, పాలు రమ్మని మీరే పిలుస్తున్నట్టు లెక్క. రెండు వైపులా, నొక్కితేనే వచ్చే తెల్లటి చుక్క క్యాన్సర్ లక్షణం కాదు. రక్తం రంగులో వచ్చినా, ఒకే వైపు నుంచి తనంతట తానే కారుతున్నా మాత్రం వెంటనే చూపించుకోవాలి.

మందు ఆపినా తగ్గకపోతే అప్పుడు ఎంఆర్ఐ తీయించుకోండి, నేనూ అదే చెప్తాను. అప్పుడు గడ్డ కనబడినా అది క్యాన్సర్ అనుకోకండి. సెంటీమీటరు లోపు ఉండే ఈ గడ్డలు చాలామందిలో కాబెర్గోలిన్ మాత్రలతోనే అదుపులోకి వస్తాయి. వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే మాత్ర అది. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం, కళ్ళు తిరగడం తక్కువ. ఎక్కువమందికి నెలసరి దారిలో పడుతుంది, అండం విడుదలవుతుంది, గర్భమూ నిలుస్తుంది. నా దగ్గర ఆ మాత్రతో తల్లులైనవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నారు.

ఇది చదువుతున్నవాళ్ళలో మానసిక సమస్యకు రిస్పెరిడోన్ లాంటి మందు వాడుతున్నవాళ్ళు ఉంటే ఒక్క మాట. ఆ మందు కూడా ప్రొలాక్టిన్ పెంచుతుంది. కానీ దయచేసి మీ అంతట మీరు ఆపకండి. అది ఆపితే వచ్చే కష్టం చాలా పెద్దది. మీ సైకియాట్రిస్టుకు చెప్పండి, మార్చే దారులున్నాయి.

ప్రశ్న: మేడం, నాకు 24 ఏళ్ళు. బాబుకి నాలుగు నెలలు. నా పాలే తాగుతున్నాడు. ఇంకా డేట్ రాలేదు. వచ్చే వారం అత్తగారింటికి వెళ్తున్నాను. పాలు తాగే బిడ్డ ఉండగా కడుపు నిలవదని మా అమ్మ అంటోంది. మా ఆడపడుచుకి మాత్రం పాప పాలు మానకుండానే మళ్ళీ నిలిచింది. ఎవరి మాట నమ్మాలి? – పిడుగురాళ్ళ నుంచి ఒక తల్లి

జవాబు: మీ అమ్మగారి మాటా నిజమే, మీ ఆడపడుచు అనుభవమూ నిజమే. పైన చెప్పిన డోపమిన్ బ్రేకును గుర్తు తెచ్చుకోండి. బాబు చప్పరించిన ప్రతిసారీ ఆ బ్రేకు వదులవుతుంది, ప్రొలాక్టిన్ లేస్తుంది. అటు పాలు తయారవుతాయి. చప్పరింపు పంపిన కబురుతోనే ఇటు అండాశయానికి వెళ్ళే విడతలు ఆగుతాయి. చంటిబిడ్డ ఉన్న తల్లి ఒళ్ళు మరో కడుపును వాయిదా వేసుకుంటుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే ఏర్పాటు ఇది.

అయితే దీన్ని నమ్ముకోవడానికి మూడు షరతులున్నాయి. 1988లో ఇటలీలోని బెలాజియోలో నిపుణులు కూర్చుని తేల్చినవి. బిడ్డకు ఆరు నెలల లోపు ఉండాలి. నెలసరి మళ్ళీ మొదలై ఉండకూడదు. బిడ్డకు పగలూ రాత్రీ పూర్తిగా తల్లిపాలే ఇస్తుండాలి. మూడూ ఉంటే గర్భం నిలిచే అవకాశం నూటికి రెండు కంటే తక్కువ. ఒక్కటి తప్పినా ఆ భరోసా పోయినట్టే.

చాలా ఇళ్ళలో తప్పేది మూడోది. 'నా పాలే' అంటారు, మధ్యలో గ్రైప్ వాటర్, సాయంత్రం ఒక డబ్బా పాలసీసా. తల్లి పడుకోవాలి పాపం అని అమ్మమ్మ రాత్రిపూట సీసా పట్టి పడుకోబెడుతుంది. ఆ మనసు మంచిదే. కానీ రాత్రి ఇచ్చే పాలకే ప్రొలాక్టిన్ ఎక్కువ లేస్తుంది. రాత్రి పాలు తప్పితే ముందు సడలేది ఈ రక్షణే. మీ ఆడపడుచు పాపకి అప్పటికి ఎన్ని నెలలో, అన్నప్రాశన అయిందో లేదో కనుక్కోండి, లెక్క దానంతటదే తేలుతుంది.

డేట్ వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. మొదటి నెలసరి కంటే రెండు వారాల ముందే అండం విడుదల కావచ్చు. అలా బాలింతగా ఉండగానే నిలిచి, ఐదో నెలలో తెలుసుకుని వచ్చినవాళ్ళను ఏటా చూస్తున్నాను. మీ బాబుకి ఆరో నెల వచ్చేలోపే ఏదో ఒకటి ఎంచుకోండి. కాపర్ టీ వేయించుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ ఉంది. ఛాయా మాత్రలు ఉన్నాయి, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. 2017 నుంచి ఈ రెండూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. పాలిచ్చే తల్లులకు పనికొస్తాయి. మామూలు గర్భనిరోధక మాత్రలు, ఈస్ట్రోజెన్ ఉండేవి, ఆరు నెలల దాకా వద్దు, పాలు తగ్గవచ్చు. మీవారితో కూడా ఈ సంగతి మాట్లాడండి. కండోమ్ ఆయన వాడినా సరిపోతుంది, అన్నీ మీ ఒంటి మీదే పడాల్సిన పని లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను మగవాణ్ణి. ఈ శీర్షికకి రాయొచ్చో లేదో తెలియదు. వయసు 36. పెళ్ళై ఆరేళ్ళు. మా ఆవిడకి పరీక్షలన్నీ మూడుసార్లు చేయించాం, ఏ లోపమూ లేదన్నారు. ఈమధ్య నాకు చేస్తే వీర్యకణాల కౌంట్ బాగా తక్కువ, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తక్కువ, ప్రొలాక్టిన్ 820 అని వచ్చింది. అది ఆడవాళ్ళ పాల హార్మోను కదా, ల్యాబ్‌లో శాంపిల్ మారిపోయిందా? రెండేళ్ళుగా కోరికలు కూడా తగ్గాయి. తరచూ తలనొప్పి. ఇంకోటి, సంబంధం ఉందో లేదో గానీ, ఈమధ్య స్కూటర్ రెండుసార్లు మా గేటుకే రాసుకుంది. పక్కనుంచి ఎవరైనా వస్తే ఉలిక్కిపడుతున్నాను. – ఒంగోలు

జవాబు: రాసి మంచిపని చేశారు. సంబంధం ఉందో లేదో అన్నారే, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఆ స్కూటర్ సంగతే.

శాంపిల్ మారి ఉండకపోవచ్చు. ప్రొలాక్టిన్ మగవాళ్ళలోనూ ఉంటుంది, కాస్త తక్కువగా. దానికి ఆ పేరు 1930లలో ఆస్కార్ రిడిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం పెట్టింది, అదీ పావురాల మీద పనిచేస్తూ. గుడి గోపురం మీద పావురాలను చూసే ఉంటారు. అవి పిల్లలకు తమ గొంతు సంచిలో ఊరే పాలలాంటి పదార్థం పెడతాయి. తల్లి పావురమే కాదు, తండ్రి పావురమూ పెడుతుంది. దాన్ని ఊరించేది ఈ హార్మోనే. కాబట్టి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీ లెక్కలన్నీ ఒకదానికొకటి సరిపోతున్నాయి. మగవాళ్ళలో ఎల్‌హెచ్ వృషణాలకు చేరితే టెస్టోస్టిరాన్ తయారవుతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ చేరితే వీర్యకణాలు పెరిగే ఏర్పాటు నడుస్తుంది. ప్రొలాక్టిన్ పెరిగి పైనుంచి విడతలు ఆగితే రెండూ ఎండిపోతాయి. కౌంట్, కోరిక కలిసి తగ్గింది అందుకే. 820 లాంటి సంఖ్య మాత్రల వల్ల రావడం అరుదు. 200 దాటిందంటేనే పిట్యూటరీలో ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డ ఉందని అనుమానిస్తాం. ఆ గ్రంథికి సరిగ్గా పైన రెండు కళ్ళ నరాలూ కలిసి దాటే చోటు ఉంది. గడ్డ పైకి పెరిగి ఆ చోటును నొక్కితే ఎదుటి చూపు బాగానే ఉంటుంది, రెండు పక్కల చూపూ పోతుంది. గుర్రానికి గంతలు కట్టినట్టు. మీ గేటు స్తంభం మీకు కనబడకపోవడానికి కారణం అదేనని నా భయం.

ఈ వారంలోనే ఎండోక్రినాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టర్ని కలవండి. ఎంఆర్ఐ, కంటి డాక్టర్ దగ్గర పక్క చూపు ఎంతవరకు ఉందో చూసే విజువల్ ఫీల్డ్ పరీక్ష, మిగతా పిట్యూటరీ హార్మోన్ల పరీక్షలు ఆలస్యం చేయకుండా జరగాలి. పేరు విని బెంబేలు పడకండి. పెద్ద గడ్డలకు కూడా మొదటి మందు కాబెర్గోలిన్ మాత్రే. చాలామందిలో ఆపరేషన్ లేకుండానే గడ్డ కుంచించుకుపోతుంది, చూపు కొన్ని వారాల్లోనే మెరుగుపడటం నేను చూశాను. ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం కలిసి వస్తే మాత్రం ఏ వేళైనా సరే ఆసుపత్రికి పరిగెత్తాలి.

టెస్టోస్టిరాన్ తక్కువ ఉంది కదా అని ఎవరైనా ఆ ఇంజెక్షన్లు ఇస్తానంటే ఒప్పుకోకండి. బయటినుంచి అది ఎక్కిస్తే పిట్యూటరీ ఉన్న ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా ఆపేస్తుంది, మిగిలిన కౌంట్ కూడా పోతుంది. ముందు ప్రొలాక్టిన్ దిగనివ్వండి. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి ఫలితం చూడటానికి ఆరు నెలలైనా ఓపిక పట్టాలి.

ఎండోక్రినాలజిస్టు దగ్గరికి మీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి. ఆరేళ్ళుగా ఆమె మూడుసార్లు పరీక్షలు చేయించుకుంది, ఊళ్ళోవాళ్ళ మాటలూ ఆమే పడి ఉంటుంది. డాక్టర్ చెప్పేది ఆమె తన చెవులతో వినాలి. బస్సులోనో ఆటోలోనో వెళ్ళండి. ఫీల్డ్ పరీక్ష అయ్యి కంటి డాక్టర్ సరేననేవరకు ఆ స్కూటర్ బయటికి తీయవద్దు.